తొంభై గంటల లెక్క

జనం మనశ్శాంతి కరువై అల్లాడుతున్నారని గమనించి, మా అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి హోదాలో నేనో నిర్ణయం తీసుకున్నాను. ఆదివారం పొద్దున ఆరింటికి సెల్లార్‌లో మానసిక ఉల్లాస శిబిరం. సుఖం ఊపిరి పీల్చి వదలడంలో ఉంది గానీ జీతంలో లేదని నా గట్టి నమ్మకం. (నాకు జీతం బాగానే వస్తుంది లెండి.)

ప్రసంగించాలి కదా, కాస్త పరిశోధన చేశాను. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ అధిపతి సుబ్రహ్మణ్యన్ గారి మాటలు బయటికొచ్చాయి. వారానికి 90 గంటలు పనిచేయాలట, ఇంట్లో కూర్చుని భార్య మొహం ఎంతసేపని చూస్తారట. దేశమంతా ఆయన మీద విరుచుకుపడింది. నేను తొందరపడకుండా మా ఇంట్లో ప్రయోగం చేశాను. నిజంగానే ఎంతోసేపు చూడలేకపోయాను. ఆవిడ ఒకచోట నిలబడితేగా! చివరికి "నన్నేం చూస్తారు, ఆ పాలు పొంగుతున్నాయేమో చూడండి" అంది.

ఎంతసేపో తేల్చడానికి ప్రభుత్వం వారి సమయ వినియోగ సర్వే తిరగేశాను. 2019లో జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు పెడితే, మగవాళ్ళు 97. అదీ ఆ పని ముట్టుకున్న మగవాళ్ళ లెక్క. అలాంటి ధీరులు నూటికి 26 మందే. 2024కి ఆడవాళ్ళది 289కి దిగింది. వాళ్ళకి పది నిమిషాలు తెరిపి దొరికిందని తెలియగానే మగవాళ్ళు తమ వంతు తొమ్మిది తగ్గించుకుని 88 దగ్గర ఆగారు. సమానత్వం మీద మనకున్న పట్టుదల అలాంటిది.

289ని ఏడుతో హెచ్చవేస్తే 33 గంటల 43 నిమిషాలు. రోజు పనిని పది గంటల దాకా పెంచుకోనిచ్చిన మన రెండు రాష్ట్రాలూ వారానికి 48 దాటొద్దన్నాయి కాబట్టి, ఆ 48 కలపండి. 81 గంటల 43 నిమిషాలు. ఆఫీసుకి పోనూ రానూ బస్సులో రోజుకి గంటా ఇరవై నిమిషాలు చొప్పున ఆరు రోజులకి ఇంకో ఎనిమిది గంటలు. ఇక తక్కువపడింది పదిహేడు నిమిషాలు. ఆదివారం చుట్టాలొస్తే అదీ పూడుతుంది. సుబ్రహ్మణ్యన్ గారు అనవసరంగా మాట పడ్డారు. ఉద్యోగం చేసే ఇల్లాలు ఆయన అడక్కముందే లక్ష్యం చేరుకుంది.

మగవాళ్ళ బాధ మరిచానని అనుకోకండి. మా మూడో అంతస్తు ఆయనకి ఉద్యోగం పోయింది. రెండు నెలలు రోజూ టైముకి క్యారియర్ పట్టుకుని బయల్దేరి, పార్కులో కూర్చుని సాయంత్రం తిరిగొచ్చాడు. ఫ్లాటు ఈఎంఐ నిద్ర పట్టనివ్వదు, ఇంట్లో చెప్పడానికి నోరు రాదు. మగాడికి జీతం పోతే పేరు కూడా పోతుందని మనమే నేర్పాం మరి. వాళ్ళావిడ ఎంబీఏ. పెళ్ళికి ముందు చేసే ఉద్యోగాన్ని, ఆడవాళ్ళు ఉద్యోగం చేయడం మనింటా వంటా లేదని, ఈయనే మాన్పించాడు.

జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల్లో ఆత్మహత్య చేసుకున్నవాళ్ళు 1,70,924 మంది. అందులో నూటికి 26 మంది రోజుకూలీలు. ఆడవాళ్ళ వరకే చూస్తే సగానికి పైగా గృహిణులు, అంటే మన భాషలో 'పనీపాటా లేకుండా ఇంట్లో ఉండేవాళ్ళు'. ఈ అంకెలు ఉల్లాసానికి అడ్డొస్తాయని ప్రసంగంలోంచి తీసేశాను.

మా వాచ్‌మన్ పాలమూరు నుంచి వచ్చాడు. సంఘం పుస్తకంలో 'వాచ్‌మన్, ఒకరు' అనే ఉంటుంది, జీతమూ ఒకరికే. మెట్లు కడిగేదీ, చెత్త దింపేదీ, పొద్దున్నే మోటారు వేసేదీ మాత్రం అతని భార్య. సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలని 1976లో చట్టం వచ్చింది. ఆవిడకి వేతనమే లేదు కాబట్టి అసమానమనే ప్రశ్నే పుట్టదు. చట్టాన్ని మేం తుచ తప్పకుండా పాటిస్తున్నాం.

శిబిరం రోజు చాపలన్నీ ఆవిడే పరిచింది. నాకు జాలేసి, నువ్వూ కాసేపు కళ్ళు మూసుకుని కూర్చోమన్నాను. "గిన్నెలున్నయి సారూ" అంటూనే కూర్చుంది. రెండో నిమిషానికల్లా గోడకి ఒరిగిపోయింది. ఇంత తొందరగా ధ్యానంలోకి వెళ్ళినవాళ్ళని తాను చూడలేదని యోగా గురువుగారు ముచ్చటపడ్డారు. ట్యాంకులో నీళ్ళు అయిపోయాయని నాలుగో అంతస్తు నుంచి ఫోనొస్తే నేనే లేపాను.