వేడి సాంబారు, పల్చటి కవరు

సాయంత్రం ఏడున్నరప్పుడు ఏ కర్రీ పాయింట్ దగ్గరైనా ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. కౌంటరు మీద వరసగా స్టీలు గిన్నెలు, మూతలు సగం సగం తీసి ఉంటాయి. "అన్నా, ఒక దోసకాయ పప్పు, ఒక బెండకాయ ఫ్రై, సాంబారు ఒకటి" అనడం ఆలస్యం, ఆయన పల్చటి కవరొకటి లాగి, రెండు వేళ్లతో నలిపి, అది విడిపోకపోతే నోటితో ఉఫ్‌మని ఊది, పొగలు కక్కే సాంబారు రెండు గరిటెలు అందులో పోసి, మెడ పట్టుకుని గిర్రున తిప్పి, రబ్బరు బ్యాండు బిగించి మన చేతిలో పెట్టేస్తాడు. మొత్తం పదిహేను సెకన్లు కూడా పట్టదు. ఆ వేడికి కవరు మెత్తబడి కిందికి సాగుతుంటుంది, చెయ్యి కాలుతుంది, కాలుతుందని అంటే దాన్ని ఇంకో కవర్లో వేసి ఇస్తాడు.

ఈ సంపాదకీయం ఆ పదిహేను సెకన్ల గురించే.

కర్రీ పాయింట్లని తిట్టడానికి మాత్రం ఇది రాయట్లేదు. ఇంట్లో కుక్కర్లో అన్నం పెట్టుకుని కూర బయట తెచ్చుకోవడం ఇప్పుడు మన ఊళ్లలో మామూలు సంగతి. అమీర్‌పేట, కూకట్‌పల్లి గదుల్లో ఉండి కోచింగ్‌కి వెళ్లే పిల్లలు, విజయవాడలో నైట్ డ్యూటీ చేసేవాళ్లు, పిల్లలు దూరదేశాల్లో ఉన్న వయసుమళ్లిన దంపతులు, అందరికీ అదే వంటిల్లు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆఫీసు నుంచి ఏడింటికి ఇంటికి చేరిన ఆడవాళ్లు మళ్లీ కూరగాయలు ముందేసుకుని కూర్చోవాల్సిన పని తప్పింది. "ఈ కాలం వాళ్లు వంట మానేశారు" అని నిట్టూర్చే పెద్దమనుషులు చాలామందే కనిపిస్తారు కానీ, వాళ్లలో జీవితంలో ఒక్కసారైనా ఉల్లిపాయ తరిగినవాళ్లు ఎంతమందో మాకు అనుమానమే.

తిండి సంగతికొస్తే, మా ఓటు రెస్టారెంటు పార్శిల్ కంటే కర్రీ పాయింట్‌కే. పెద్ద హోటళ్లలో పద్ధతి వేరు: ఉల్లిపాయలది ఒకటి, టమాటాది ఒకటి, జీడిపప్పుతో తెల్లది ఒకటి, ఇలా రెండు మూడు గ్రేవీలు పొద్దున్నే చేసి పెట్టుకుంటారు, ఆర్డరు రాగానే పనీరు వేస్తే పనీర్ బటర్ మసాలా, కోడి ముక్కలు వేస్తే బటర్ చికెన్. పేర్లు ఇరవై ఉన్నా అడుగున ఉండే రుచి ఒకటే. అది తప్పని కాదు, పది నిమిషాల్లో ప్లేటు బల్ల మీదికి రావాలంటే వాళ్లకి వేరే దారి లేదు. కర్రీ పాయింట్‌లో అలా కుదరదు. దోసకాయ పప్పుకీ పాలకూర పప్పుకీ, గుత్తివంకాయకీ దొండకాయ వేపుడికీ ఉమ్మడి గ్రేవీ అంటూ ఉండదు, దేని పోపు దానిదే, దేని పొయ్యి దానిదే. బటర్ చికెన్ మొదట ఎవరు వండారన్న గొడవ 2024లో ఢిల్లీ హైకోర్టుకెక్కింది. గుత్తివంకాయ కూర మాదంటే మాదని మనమింకా కోర్టుకెక్కలేదు, అంతవరకు సంతోషం.

ఇంత బాగా వండినదాన్ని చివరికి దేంట్లో పోసి ఇస్తున్నారన్నదే మా బాధ.

ప్లాస్టిక్‌లో కలిపిన రసాయనాలు తిండిలోకి దిగడానికి వేడి, నూనె, పులుపు బాగా తోడ్పడతాయి. మన కూరల్ని ఒక్కసారి తలుచుకోండి. సాంబారులో మరిగే వేడి, చింతపండు పులుపు. గుత్తివంకాయలో పైకి తేలే నూనె. పులుసు కూరల్లో మూడూ కలిసి ఉంటాయి. చల్లటి బిస్కట్లకి పెద్దగా హాని చెయ్యని కవరు, మన కూరలకి మాత్రం అస్సలు తగదు. పైగా చాలా చోట్ల ఆ కవరు తిండి కోసం తయారైనదో కాదో షాపువాళ్లకే తెలీదు, హోల్‌సేల్ కొట్లో కిలోల లెక్కన కొనుక్కొస్తారు.

చట్టాలు లేవా అంటే బోలెడు. ప్లాస్టిక్ చేతి సంచీల మందం 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తగ్గకూడదు. సరుకు చుట్టే ప్లాస్టిక్ కవరు 50 మైక్రాన్లయినా ఉండాలని 2016 నాటి నిబంధన. ప్లాస్టిక్ స్పూన్లు, ప్లేట్లు, గ్లాసులు 2022 జులై 1 నుంచి నిషేధం. ఇవన్నీ కాగితం మీద బ్రహ్మాండంగా ఉన్నాయి. కౌంటరు దగ్గరికెళ్లి ఆ సాంబారు కవర్ని వేళ్ల మధ్య పెట్టి చూస్తే చాలు, మందం కొలిచే మైక్రోమీటర్ అక్కర్లేదు. మున్సిపల్ అధికారులు ఏడాదికోసారి దాడులు చేసి, నాలుగు బస్తాలు పట్టుకుని, మాకు ఫొటోలు పంపిస్తారు. మేమూ వేస్తాం. మర్నాడు అదే వీధిలో అవే కవర్లు. తయారుచేసే చోట ఆపకుండా, కూరలమ్మే చోట జరిమానాలు రాస్తే జరిగేది ఇదే.

వాడి పారేశాక దాని కథ ఇంకా ఘోరం. కూర అంటుకున్న కవర్ని పాత సామాన్లవాడు తీసుకోడు. కడిగి పెట్టే ఓపిక మనకి ఉండదు. ముడి వేసిన మూలలో మిగిలిపోయిన రెండు చుక్కల పప్పు వాసనకి వీధి ఆవు దాన్ని కవరుతో సహా మింగేస్తుంది, మిగిలినవి మురిక్కాలవలోకి పోతాయి.

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. మిర్చిబజ్జీ బండి దగ్గర నూనె పీల్చడానికి వాడేది మొన్నటి పత్రికే, అందులో మాదీ ఉంటుంది. అచ్చు సిరాలో ఉండే సీసం లాంటివి తిండికి అంటుకుంటాయని, వార్తాపత్రికల్లో తిండి చుట్టకూడదని 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లోనే ఉంది, 2023లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ మరోసారి గట్టిగా చెప్పింది. మా సంపాదకీయాన్ని ఎవరూ చదవకపోయినా ఫర్వాలేదు కానీ, దాని మీద బజ్జీలు మాత్రం పెట్టకండి.

కవరు ఒక్కటే కాదు, గడియారం కూడా చూడాలి. వేడిగా అమ్మే కూర 60 డిగ్రీల పైనే ఉండాలి, అంతకంటే తగ్గి గంటలకొద్దీ గోరువెచ్చగా ఉంటే క్రిములకి పండగే. పొద్దున పదింటికి వండిన కూర మధ్యాహ్నం మిగిలితే రాత్రికి దానిమీదే మళ్లీ పోపు పెట్టి కొత్తగా చూపించే షాపులున్నాయి, అందరూ అలా చేస్తారని అనట్లేదు, చేసేవాళ్లు ఉన్నారని అందరికీ తెలుసు. కింద సన్నటి మంట గానీ, వేడినీళ్ల ట్రే గానీ పెట్టుకోవడం పెద్ద ఖర్చేం కాదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ నంబరు గోడ మీద ఉందో లేదో మనమూ ఒకసారి తలెత్తి చూడొచ్చు.

మరి చెయ్యాల్సిందేంటి? పాతదే. హోటల్ నుంచి సాంబారు తేవాలంటే ఒకప్పుడు పిల్లాడి చేతికి మూతున్న స్టీలు గిన్నె ఇచ్చి పంపేవాళ్లు, వాడు దారిలో కాస్త ఒలకబోసుకుని వచ్చేవాడు. నాలుగు గిన్నెల క్యారియర్ ఇప్పటికీ ప్రతి ఇంట్లో అటక మీద ఉంటుంది. దాన్ని దించండి. షాపువాళ్లు చెప్పే అభ్యంతరం ఒకటే, కవరైతే కొలత తెలుస్తుంది, గిన్నె అయితే "ఇంకొంచెం వెయ్యన్నా" అంటారని. న్యాయమైన మాటే. కూరకి ఒక కొలత గరిటె పెట్టుకుంటే ఆ పేచీ ఉండదు. గిన్నె తెచ్చుకున్నవాళ్ల వల్ల కవరు, రబ్బరు బ్యాండు ఖర్చు మిగులుతుంది కాబట్టి ఓ అర గరిటె సాంబారు కొసరు వెయ్యండి. మన జనం సంగతి మాకు తెలుసు, పర్యావరణం కోసం రానివాళ్లు కూడా కొసరు కోసం గిన్నెతో వస్తారు. వేపుళ్లకైతే విస్తరాకు చాలు.

దారిలో ఆఫీసు నుంచి వస్తూ గిన్నె ఎక్కడ మోస్తామన్నది నిజమైన ఇబ్బందే. అలాంటివాళ్ల కోసం షాపులే డిపాజిట్ తీసుకుని స్టీలు డబ్బాలు ఇచ్చి, మర్నాడు తిరిగి తీసుకోవచ్చు. ఒకప్పుడు కూల్‌డ్రింక్ సీసాలకి మనం డిపాజిట్ కట్టినవాళ్లమే. ఈ డబ్బాలు కొనడానికి చిన్న షాపులకి మున్సిపాలిటీ సాయం చేస్తే, దాడుల ఫొటోల కంటే ఆ వార్తని ఇంకా పెద్దగా వేస్తాం.

మా డెస్కులో రాత్రి పదింటికి వచ్చే పార్శిళ్లు కూడా ఇన్నాళ్లూ కవర్లలోనే వచ్చేవి, ఈ మాట రాస్తుంటే మాకే సిగ్గేసి మొన్న రెండు క్యారియర్లు కొన్నాం. తేవడానికి ఇద్దరు ముగ్గురు ముందుకొచ్చారు. కడిగే వంతు ఎవరిదన్నది ఇంకా తేలలేదు.