ఇరవై నాలుగు గంటల నోటీసు

వలస వచ్చినవారిని దేశం నుంచి పంపేసే (బహిష్కరణ) కేసుల్లో అమెరికా సుప్రీంకోర్టు 2025లో ఇచ్చిన తీర్పులను ప్రభుత్వానికి గెలుపా, ఓటమా అన్న లెక్కలోనే చూసిన ఒక వ్యాసం చదివాను. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది, పంపేసే ముందు ఆ మనిషికి ఇచ్చే నోటీసు సంగతి.

యుద్ధ సమయంలో శత్రుదేశ పౌరులను పంపేయడానికి చేసిన 1798 నాటి విదేశీ శత్రువుల చట్టం కింద వెనెజువెలా వారిని పంపించే కేసులో, 2025 ఏప్రిల్ 7న కోర్టు 5-4 తేడాతో ప్రభుత్వానికి దారి ఇచ్చింది, నిజమే. కానీ సవాలు చేసుకునే వ్యవధి ఉండేలా ముందుగా నోటీసు ఇవ్వాల్సిందేనని అదే ఉత్తర్వులో చెప్పింది. కోర్టు సమీక్షకు అవకాశం ఉండాలన్న దానిపై తొమ్మిదిమంది న్యాయమూర్తులదీ ఒకే మాట. మే 16న మరో అడుగు వేసింది: తరలింపుకు సుమారు 24 గంటల ముందు, హక్కులు ఎలా వాడుకోవాలో చెప్పకుండా చేతిలో పెట్టే కాగితం చాలదని తేల్చింది.

నిర్బంధ కేంద్రంలో ఉన్న మనిషి వైపు నుంచి చూడండి. భాష రాకపోవచ్చు. ఇమ్మిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని పొందే హక్కు లేదు. నిర్బంధం చట్టబద్ధమేనా అని కోర్టును అడిగే హెబియస్ కార్పస్ పిటిషన్‌ను నిర్బంధించిన జిల్లాలోనే వేయాలి. రాత్రికి రాత్రి మరో రాష్ట్రానికి తరలిస్తే కుటుంబం ఏ కోర్టు తలుపు తట్టాలి?

అందుకే జూన్ 23 ఉత్తర్వు నన్ను కలవరపెట్టింది. సొంత దేశం కాని మూడో దేశానికి పంపే ముందు తెలియజేయాలన్న బోస్టన్ జడ్జి ఆదేశాన్ని కోర్టు నిలిపివేసింది, కారణం ఒక్క వాక్యమైనా రాయకుండా. ముగ్గురు న్యాయమూర్తులు గట్టిగా విభేదించారు. పంపేసిన తర్వాత వెనక్కి తేవడం ఎంత కష్టమో ఆ మార్చిలో ఎల్ సాల్వడార్ జైలుకు పంపినవారి విషయంలో చూశాం కదా!