419 వచ్చిందని సీఎస్ఆర్ఎఫ్ తీసేయకండి

బెంగళూరు మారతహళ్లి పీజీల్లో ఉంటూ లారవెల్ (పీహెచ్‌పీలో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) నేర్చుకుంటున్న మన పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో "ఏజాక్స్ కష్టాలకు ఐదు చిట్కాలు" అనే మెసేజ్ ఆగకుండా తిరుగుతోంది. ఏజాక్స్ అంటే పేజీ మొత్తం మళ్లీ లోడ్ కాకుండా వెనకాల సర్వర్‌తో మాట్లాడే పద్ధతి. నిన్న ఇంకొకరు పంపి, "అన్నా, నువ్వూ అందరికీ ఫార్వర్డ్ చెయ్" అన్నారు. చెయ్యను.

మొదటి చిట్కా ప్రకారం జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ లేనిదే ఏజాక్స్ రాదట. బ్రౌజర్‌లోనే ఆ పని చేసే ఫెచ్ ఉంది. ఆ మాట అక్కడితో వదిలేద్దాం.

ఏజాక్స్‌లో లారవెల్ వ్యాలిడేషన్ (ఫారమ్‌లో నింపినవి సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం) పనిచేయదు, ఇఫ్‌లు మీరే రాసుకోండి అన్నది ఇంకోటి. భేషుగ్గా పనిచేస్తుంది. జవాబు జేసన్‌లో (ప్రోగ్రాములు చదువుకునే డేటా రూపం) కావాలని మీరు చెప్పకపోతే, తప్పు దొరకగానే లారవెల్ మీ రిక్వెస్ట్‌ను మామూలు ఫారమ్ అనుకుని వెనక్కి రీడైరెక్ట్ చేస్తుంది. ఫెచ్ దాని వెంటే వెళ్లి హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీ పట్టుకొస్తుంది, దాన్ని జేసన్‌గా చదవబోతే కన్సోల్ నిండా ఎరుపే. రిక్వెస్ట్‌తో వెళ్లే యాక్సెప్ట్ హెడర్‌లో అప్లికేషన్/జేసన్ అని పంపండి. ఏ ఫీల్డ్‌లో ఏం తప్పో 422 అనే స్టేటస్ కోడ్‌తో సహా వస్తుంది. ఫెచ్ 422ని ఎర్రర్లు పట్టే క్యాచ్‌లోకి పంపదు, రెస్పాన్స్ ఓకేనా కాదా అన్నది మీరే చూసుకోవాలి.

నాకు ఒళ్లు మండేది మూడో చిట్కా దగ్గర. సీఎస్ఆర్ఎఫ్ అంటే యూజర్‌కు తెలియకుండా వేరే పేజీ అతని పేరుతో రిక్వెస్ట్ పంపడం. దాన్ని ఆపడానికి లారవెల్ ఒక రహస్య టోకెన్ ఇస్తుంది, అది సరిగ్గా లేని పోస్ట్ రిక్వెస్ట్‌ను 419తో తిప్పికొడుతుంది. ఆ 419 వస్తే సీఎస్ఆర్ఎఫ్ మినహాయింపుల్లో ఒక స్టార్ (*) పెట్టేయాలట! ఆ ఒక్క గుర్తుతో ఒక్క రూట్ (సైట్‌లో ఒక చిరునామా) కాదు, సైట్ మొత్తానికీ కాపలా పోతుంది. మీ యూజర్ లాగిన్ అయి ఉండగా వేరే పేజీ తెరుస్తాడు. అందులో దాచిన ఫారమ్ ఒకటి మీ సైట్‌లో ఈమెయిల్ మార్చే రూట్‌కు పోస్ట్ చేస్తుంది. కుకీ దానంతట అదే వెంట వెళితే, ఆ రిక్వెస్ట్ యూజర్ పంపిందో ఇంకెవరు పంపిందో సర్వర్‌కు ఎలా తెలుస్తుంది?

ఒక మాట ఒప్పుకుంటాను. లాగిన్‌ను గుర్తుపెట్టుకునే లారవెల్ సెషన్ కుకీకి సేమ్‌సైట్ (వేరే సైట్ నుంచి వచ్చే రిక్వెస్ట్‌తో కుకీ వెళ్లాలా వద్దా అని చెప్పే సెట్టింగ్) విలువ మామూలుగా లాక్స్ ఉంటుంది కాబట్టి బయటి సైట్ల నుంచి వచ్చే ఇలాంటి పోస్టులు చాలావరకు అక్కడే ఆగుతాయి. కానీ మీ సబ్‌డొమైన్‌లో పాత బ్లాగ్ ఒకటి హ్యాక్ అయితే అది అదే సైట్ కిందికి వస్తుంది, లాక్స్ ఆపదు. పేమెంట్ నుంచి తిరిగొచ్చేసరికి లాగిన్ పోతోందని లాక్స్‌ని నన్‌గా, అంటే ఏ సైట్ నుంచైనా కుకీ వెళ్లేలా మార్చేవాళ్లూ ఉన్నారు. అప్పుడు మిగిలేది ఆ టోకెన్ ఒక్కటే, దాన్నీ తీసేస్తే ఎలా?

ఇంతకీ అసలు మందు రెండు లైన్లు. లేఅవుట్‌లో సీఎస్ఆర్ఎఫ్-టోకెన్ పేరుతో మెటా ట్యాగ్ పెట్టడం, దాని విలువను ఎక్స్-సీఎస్ఆర్ఎఫ్-టోకెన్ హెడర్‌లో పంపడం.

స్టార్ ఇష్టం లేకపోతే రూట్‌ను ఏపీఐ ఫైల్‌లోకి మార్చమన్నది నాలుగోది, ఇది ఇంకా ప్రమాదం. అక్కడ మామూలుగా సెషన్ ఉండదు, 419 పోతుంది, దాంతోపాటే లాగిన్ అయిన యూజర్ కూడా పోతాడు. ఇక కుర్రాళ్లు ఏం చేస్తారు? యూజర్ ఐడీని జావాస్క్రిప్ట్ నుంచే పంపుతారు. ఆ అంకె మార్చి పంపినవాడు పక్కవాడి ఆర్డర్లన్నీ చూస్తాడు. కొత్తవాళ్లకు నేర్పాల్సింది ఇదా?

బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి చూడమన్న ఐదో చిట్కా మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. 419 వచ్చిన రిక్వెస్ట్ మీద నొక్కి, పంపిన హెడర్లలో టోకెన్ ఉందో లేదో చూడండి. ఉన్నా 419 వస్తుంటే సెషన్ గడువు చూడండి, మామూలుగా అది 120 నిమిషాలు. పేజీ తెరిచి అంతకన్నా ఎక్కువసేపు వదిలేసి ఉంటే రిఫ్రెష్ చేస్తే సరిపోతుంది.