ఖరీదైన గిటార్ పిక్: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి దండగ?

గిటార్ తీగలు మీటే చిన్న పలకే పిక్. మామూలుది వంద రూపాయల లోపే దొరుకుతుంది. అమెరికాలో టెన్నెసీ రాష్ట్రం నాక్స్‌విల్‌లో తయారయ్యే బ్లూచిప్ పిక్ ఒక్కటే 35 డాలర్ల పైమాట. అక్కడి నుంచి తెప్పించుకుంటే కొరియర్, కస్టమ్స్ అదనం. ఇంత తేడాకు తగ్గ ఫలితం కొద్దిమందికే దక్కుతుంది. మిగతావాళ్లకు ఆ డబ్బు తీగల మీద పెట్టుకోవడమే మేలు.

పిక్ తీగను పక్కకు తోస్తుంది, తీగ మొన మీదుగా జారి విడిపోతుంది. ఆ జారడంలోనే స్వరం రూపం సగం తేలిపోతుంది. మొన సన్నగా ఉంటే పై స్థాయి ధ్వనులు పదునుగా వినిపిస్తాయి. గుండ్రంగా, మందంగా ఉంటే అవి అణిగి స్వరం బొద్దుగా వస్తుంది. అంచు గరుకైతే చుట్టు తీగల (పైన సన్నటి తీగ చుట్టిన లావు తీగల) మీద స్వరం కన్నా ముందే బర్రుమనే రాపిడి వినబడుతుంది. 0.50 మిల్లీమీటర్ల పల్చటి పిక్ వంగి వెనక్కి కొట్టుకుంటుంది కాబట్టి అన్ని తీగలూ కలిపి మీటే స్ట్రమ్మింగ్‌కు బాగుంటుంది, ఒక్కో స్వరం విడిగా వాయించేటప్పుడు మాత్రం లయ జారుతుంది. అంటే చెవికి ముందు తెలిసేవి మందం, మొన ఆకారం, అంచు నునుపు. పిక్ దేంతో చేశారన్నది ఆ తర్వాతి మాట.

మరి ధర ఎక్కడ పెరుగుతోంది? నైలాన్ పిక్‌లను అచ్చులో పోస్తారు. సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌ను షీట్ల నుంచి కోసి, డ్రమ్ములో దొర్లించి అంచులు నున్నబెడతారు. వేలకు వేలు ఒకేసారి తయారవుతాయి. బ్లూచిప్ పదార్థం వెస్పెల్ (ఒక బ్రాండు పేరు) తరహా పాలీఇమైడ్ అనే గట్టి ప్లాస్టిక్ అన్నది వాయించేవాళ్ల మధ్య స్థిరపడిన మాట. పాలీఇమైడ్‌ను అలా కరిగించి అచ్చు పోయడం కుదరదు. దిమ్మ నుంచి మెషీన్ మీద కోయాలి, అంచును ఏటవాలుగా చెక్కాలి, నునుపు పట్టాలి. ముడిసరుకు కూడా ఖరీదే. ధరలో న్యాయం ఉంది, కానీ అది తయారీకి సంబంధించిన న్యాయం. మీ చేతికి ఉపయోగపడుతుందా లేదా అన్నది వేరే లెక్క.

ఉపయోగపడేది బ్లూగ్రాస్ (అమెరికా జానపద బాణీ), జిప్సీ జాజ్ లాంటి సంగీతాన్ని అకూస్టిక్ గిటార్ మీద వేగంగా వాయించేవాళ్లకు, జంట తీగల మాండొలిన్ వాళ్లకు. అక్కడ మైకు దగ్గరగా ఉంటుంది, రాపిడి దాగదు. పైగా చుట్టు తీగ ఆకురాయిలా పిక్ అంచును తినేస్తుంది, సెల్యులాయిడ్ అయితే త్వరగా. పాలీఇమైడ్ చాలా నిదానంగా అరుగుతుంది, తీగ మీద తేలిగ్గా జారుతుంది. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ కర్ణాటక సంగీతంలోకి తెచ్చిన ఎలక్ట్రిక్ మాండొలిన్‌కు జంటలు లేవు, ఐదూ ఒంటి తీగలే. ఆ బాణీ నేర్చుకునేవాళ్లకు నునుపు అంచున్న మామూలు పిక్ చాలు.

ధ్వనిని కావాలనే బరకగా మార్చే డిస్టార్షన్ పెట్టి ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తే ఈ సూక్ష్మాలు చాలావరకు అందులోనే కొట్టుకుపోతాయి. క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయాన్ మే వాడేది పాత బ్రిటిష్ ఆరు పెన్నీల నాణెం. దాని గట్టిదనం, పళ్ల అంచు ఆయనకు కావాలి. లోహం తీగలను త్వరగా అరగదీస్తుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

కొనే ముందు మందం తేల్చుకోండి. డన్‌లప్ కంపెనీ టార్టెక్స్ పిక్‌లలో రంగును బట్టి మందం తెలుస్తుంది: నారింజ 0.60, పసుపు 0.73, ఆకుపచ్చ 0.88, నీలం 1.0, ఊదా 1.14 మిల్లీమీటర్లు. ఒక్కొక్కటి తెచ్చుకుని ఒకే పాట, ఒకే దూరంలో ఫోన్‌లో రికార్డు చేయండి. ఏది ముందో ఏది వెనకో తెలియకుండా వేరేవాళ్ల చేత వినిపించుకోండి. తేడా పట్టలేకపోతే ఖరీదైనది అక్కర్లేదు. పట్టగలిగితే నచ్చిన మందంలోనే ఖరీదైనది వెతకండి. బ్లూచిప్ పేర్లలోని అంకె అంగుళంలో వెయ్యో వంతులు, కాబట్టి 40 అంటే సుమారు 1 మిల్లీమీటరు.

ఖరీదైన పిక్‌లకు చెక్కే ఆ ఏటవాలు అంచును ఇంట్లోనూ తీయవచ్చు. బాగా వాడిన పిక్ ఒకటి వెలుతురులో చూడండి. ఒకవైపు మొనకు కుడిపక్క అరిగి ఉంటే, తిప్పి చూసినా కుడిపక్కే అరిగి కనిపిస్తుంది. కిందికి కొట్టినప్పుడు ఒక మూల, పైకి కొట్టినప్పుడు దాని ఎదురు మూల తగలడం వల్ల అలా జరుగుతుంది. కొత్తగా తీసుకున్న అల్టెక్స్ (డన్‌లప్ వాళ్ల గట్టి ప్లాస్టిక్) పిక్‌కు ఆ రెండు చోట్లే అంచు తీయాలి. నున్నటి టైల్ మీద 400 నంబరు ఉప్పు కాగితం పరిచి, పిక్‌ను 45 డిగ్రీలు వాల్చి పట్టి పది రుద్దులు. తర్వాత 800, 1500, 2000 నంబర్లు తడిపి వాడాలి. చివర్లో జీన్స్ గుడ్డ మీద చుక్క బ్రాసో (లోహాలకు మెరుగు పెట్టే ద్రవం) వేసి రుద్దితే మెరుపొస్తుంది. ఎక్కువగా చెడేది ఇలా: ఒక మూల ఎక్కువ, ఇంకో మూల తక్కువ తీస్తే పైకి కొట్టినప్పుడే రాపిడి వస్తుంది. 400 దగ్గర అతిగా రుద్దితే మొన పొట్టిదైపోతుంది. నైలాన్ నూగు లేస్తుంది, అది వద్దు. సెల్యులాయిడ్‌కు రుద్దే మెషీన్ అసలు పెట్టకండి, వేడికి అంటుకుంటుంది.

పాల ప్రోటీన్ కేసీన్‌తో చేసే ఖరీదైన పిక్‌లు విశాఖ, కాకినాడ వాతావరణానికి సరిపడవు. తేమ పీల్చి వంకర తిరుగుతాయి. అసలు తాబేటి చిప్ప పిక్ ఎవరైనా చూపిస్తే కొనవద్దు. హాక్స్‌బిల్ తాబేలు అంతరించే ప్రమాదంలో ఉంది. దాని అంతర్జాతీయ వ్యాపారం నిషిద్ధం, మన వన్యప్రాణి రక్షణ చట్టమూ ఒప్పుకోదు.

ఇన్నీ చూసుకుని ఖరీదైనదే కొంటానంటే పెద్ద త్రికోణం తీసుకోండి. ఒక మూల అరిగితే ఇంకా రెండుంటాయి. ఆర్డరు పెట్టేటప్పుడు కుడిచేత్తో వాయించేవాళ్లకు చెక్కిన అంచా, ఎడమచేత్తో వాయించేవాళ్లకు చెక్కిన అంచా అన్నది సరిచూడండి. తప్పు వైపు అంచు వస్తే, దేనికోసం అంత పెట్టారో ఆ జారుడే దొరకదు.