మహారాజశ్రీ ‘స్థానిక డేటా చాలదు’ గారికి

అయ్యా,

నిన్నటి టీకాల కమిటీ మినిట్స్‌లో, నాలుగో అంశం కింద, మళ్లీ తమరి దర్శనమైంది. ‘స్థానిక డేటా చాలనందున తదుపరి సమావేశానికి వాయిదా.’ ఇది మూడోసారి. కమిటీలో ఒక్కరి మనసూ నొప్పించకుండా ఒక టీకాను ఆపేయడం తమరికే చెల్లింది.

ఆ డేటా ఎలా పుడుతుందో ఎప్పుడైనా చూశారా? మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) అనుమానమున్న బిడ్డకు వెన్నులోంచి నీరు తీయాలి. గంటా రెండు గంటల్లో అది ల్యాబుకు చేరాలి. పాడవకూడదని ఎవరైనా ఫ్రిజ్‌లో పెట్టారో, మెనింజైటిస్, న్యుమోనియా తెచ్చే హిబ్ బ్యాక్టీరియా అందులోనే చస్తుంది. దాన్ని ప్లేటులో మొలిపించి చూడ్డానికి మామూలు బ్లడ్ అగార్ పనికిరాదు, చాక్లెట్ అగార్ అనే పోషక పదార్థం కావాలి. అన్నీ అమరినా, దారిలో ఎవరో ఓ డోసు యాంటీబయాటిక్ వేసి పంపితే ప్లేటు ఖాళీ, రిజిస్టర్‌లో సున్నా. ఆ సున్నా చూపించి ‘జబ్బే లేదు’ అంటారు తమరు! న్యుమోకాకస్ అనే మరో బ్యాక్టీరియా తెచ్చే న్యుమోనియా అయితే మరీను, చాలామంది పిల్లల రక్తంలో ఏమీ మొలవదు.

ల్యాబుకు డబ్బివ్వాలంటే జబ్బు చూపాలట. జబ్బు చూపాలంటే ల్యాబుండాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు.

ఆఫ్రికాలోని గాంబియాలో హిబ్ టీకా వేసి చూశారు. 1997లో ఫలితం వచ్చింది: ఎక్స్‌రేలో తేలే న్యుమోనియా 21 శాతం తగ్గింది. ప్లేటు దాచిన జబ్బును టీకా బయటపెట్టింది. స్థానిక నిఘా సమాచారం లేదని హిబ్ టీకాను ఆలస్యం చేయొద్దని 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థే రాసింది. పేరు పెట్టి తిట్టినట్టే కదా, అయినా సిగ్గులేదే!

తమరి బంధువర్గమూ తక్కువేం కాదు. రేపటి లాభానికి ఇవాళ విలువ తగ్గించి లెక్కగట్టే డిస్కౌంట్ రేటు గారు, హెచ్‌పీవీ టీకా 30 ఏళ్ల తర్వాత ఆపే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ విలువను ఏటా 3 శాతం కోసి, 41 శాతం మాత్రం మిగులుస్తారు. టీకా డబ్బా ఫ్రిజ్‌లో పడుతుందా అన్న ప్రశ్న గారు అంతా అయ్యాక తీరిగ్గా వస్తారు.

జపనీస్ ఎన్‌సెఫలైటిస్, ఎల్లో ఫీవర్ లాంటివాటికి తమరు కావాలి, కాదనను. అవి అన్నిచోట్లా ఉండవు కనుక ఏ జిల్లాలో వేయాలో మ్యాపు లేకుండా తేలదు. కానీ ప్రతి టీకాకూ అడ్డుపడతారేమిటి?

ఈసారి వస్తే ఒట్టి చేతులతో రాకండి. సూది, చాక్లెట్ అగార్, ల్యాబు మనిషికి మూడేళ్ల జీతం పట్టుకుని రండి.

ఇట్లు,
మూడుసార్లు వాయిదా పడిన నాలుగో అంశం