అటక మీద వాన

వాన రాత్రి ఆర్వీలో, అంటే పడకలు, వంటిల్లు ఉన్న బండిలో, పడుకోవడమంత సుఖం ఇంకోటి లేదని చెప్పేవాళ్ళంతా తెల్లవారుజామున నాలుగున్నరకి ముందే ఆ మాట చెప్పేసి ఉంటారు.

అమెరికాలో మోంటానా రాష్ట్రం, గ్లేసియర్ నేషనల్ పార్కు. పడమటి వైపు, మెక్‌డొనాల్డ్ సరస్సు ఒడ్డున ఆప్‌గార్ క్యాంప్‌గ్రౌండ్. నెల జూన్. అక్కడ వానలు ఎక్కువ పడేది ఆ నెలలోనే. పిల్లలకి సెలవులని, అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉన్నారని మనవాళ్ళు ఆర్వీ అద్దెకు తీసుకునేదీ ఆ నెలలోనే. కాబట్టి ఏటా ఇలాంటి కుటుంబం ఒకటి అక్కడ తేలుతుంది: అల్లుడుగారు, అమ్మాయి, అత్తగారు, మామగారు, 25 అడుగుల బండి. అత్తమామలకి వెనకాల మంచం ఇస్తారు. డ్రైవరు సీటు నెత్తిన ముందుకు పొడుచుకొచ్చిన పడక అమ్మాయీ అల్లుడిది. దాన్ని చూడగానే మామగారు "అటక" అంటారు. ఆ పేరే ఖాయమవుతుంది.

నాలుగున్నరకి అల్లుడుగారి ముక్కు మీద ఒక చుక్క పడుతుంది. కాసేపటికి ఇంకోటి. పరుపు అంచు కింద చెయ్యి పెడితే తడి.

"కారుతోంది బాబూ," అని మామగారు తేల్చేస్తారు. పెంకుటింట్లో పుట్టిన మనిషి, చుక్క పడే తీరు చూసి పెంకు ఎక్కడ జరిగిందో చెప్పగలరు. వెంటనే చుక్కల కింద గిన్నెలు వెలుస్తాయి. అల్లుడుగారు రెయిన్‌కోటు తొడుక్కుని, కారేచోట అతికించే సీలెంట్ టేపు జేబులో వేసుకుని వెనక నిచ్చెన పట్టుకుని టాపు మీదికి ఎక్కుతారు.

ఇక్కడ రెండు సంగతులున్నాయి. ఒకటి, చాలా ఆర్వీల టాపు మీద పరిచేది రబ్బరు పొర. తడిస్తే పాచిపట్టిన మెట్టే. రెండు, ఆ టేపు శుభ్రంగా, పొడిగా ఉన్నచోటే అతుకుతుంది. వానలో అతికిస్తే టాపుని వదిలేసి వేళ్ళకి అంటుకుంటుంది. అరగంట కుస్తీ పట్టి ఆయన దిగేసరికి లోపల చుక్కలు అలాగే పడుతుంటాయి. పైగా తడి కోటుతో ఆయన మోసుకొచ్చిన అర లీటరు కూడా జమ అవుతుంది.

అసలు టాపు కారనే లేదు. ఆ నీళ్ళు ఇంటివాళ్ళవే.

నలుగురు మనుషులు తలుపులన్నీ బిగించుకుని రాత్రంతా ఊపిరి తీసి వదిలితే దాదాపు లీటరు నీరు గాలిలో కలుస్తుంది. సాయంత్రం ఇడ్లీ పాత్ర వదిలిన ఆవిరి దానికి అదనం. గ్యాసు మంట సంగతి చాలామందికి తట్టదు: ఆర్వీ సిలిండరులో ఉండే ప్రొపేన్ గ్యాసు కిలో మండితే కిలోన్నరకి పైగా నీరు పుడుతుంది. ఆర్వీ పొయ్యి ఒకటి గంటసేపు వెలిగితే దాదాపు పావు లీటరు. బండిని వెచ్చబెట్టే ఫర్నేసు ప్రొపేన్‌తోనే మండినా దాని పొగగొట్టం బయటికి ఉంటుంది కాబట్టి ఈ పాపంలో దానికి వాటా లేదు. పొయ్యికి గొట్టం లేదు, మండినదంతా మన ముఖానికే వదులుతుంది. ఆ తేమంతా చల్లటి చోటు వెతుక్కుంటుంది: ముందు అద్దం, అల్యూమినియం కిటికీ చట్రాలు, అటక పరుపు కింది చెక్క. ఆ చెక్కకీ పరుపుకీ మధ్య గాలి ఆడదు గనక అక్కడే నీరు చేరుతుంది.

కారుడో, చెమర్పో తెలుసుకోవాలంటే టాపు ఎక్కక్కర్లేదు. అనుమానమున్నచోట గుడ్డతో పొడిగా తుడిచి, జానెడు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగంచులా గాలి దూరకుండా అతికించి గంటా రెండు గంటలు ఆగాలి. కాగితం మీద తడి ఉంటే అది మన ఊపిరి. కాగితం వెనక తడి ఉంటే అప్పుడు టాపుని తిట్టండి.

మందు తేలికే. వండేటప్పుడు పైకప్పు ఫ్యాను వేసి, ఎదురుగా ఒక కిటికీ రెండు వేళ్ళు తెరవాలి. పడుకునేటప్పుడూ అంతే. తడి కోట్లు సీట్ల మీద కాదు, స్నానాల గదిలో తగిలించాలి. కానీ బయట చలి, "కిటికీ తెరిస్తే వేడి పోదూ!" అని అత్తగారి అభ్యంతరం. అందులో న్యాయం లేకపోలేదు. ఫర్నేసు వేడిని తోసే ఫ్యాను నడిచేది బ్యాటరీతో. 8 ఆంపియర్ల దాకా లాగుతుంది. మామూలు 100 ఆంపియర్-అవర్ల లెడ్ బ్యాటరీలో వాడుకోదగ్గది సగమే. ఆప్‌గార్‌లో కరెంటు ప్లగ్గు లేదు, మబ్బులో సోలార్ పలకలు నిద్రపోతాయి, జనరేటరు పొద్దున్న 8 దాకా వెయ్యకూడదు. సిలిండరు నిండుగా ఉన్నా ఆరింటికి వణుకుతూ కూర్చోవడమంటే ఇదే.

పొద్దున్నే ఉప్మా పోపుకి స్మోక్ అలారం కూయడం, అందరూ తువ్వాళ్ళు విసరడం మామూలే. ఈలోగా బయట ఆనింగు, అంటే పక్కకి విప్పే గుడ్డ చూరు, గర్భిణిలా వేలాడుతుంటుంది. వానకి ముందే ఒక చివర దాని చేతిని, అంటే గుడ్డని మోసే కడ్డీని, అడుగు కిందికి దించి ఉంటే నీళ్ళు జారిపోయేవి. సమంగా పరిస్తే గుడ్డ సాగి మడుగు కడుతుంది. మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవు, సగటున 5 సెంటీమీటర్ల లోతంటే వంద లీటర్లు, వంద కిలోలు. అలాంటప్పుడు చుట్టే బటన్ నొక్కితే ఆ కడ్డీలు వంగిపోతాయి. పక్కన నిలబడి ఒక చివర మెల్లగా దించాలి. అల్లుడుగారు సరిగ్గా మధ్యలోకి నడిచి చీపురు కర్రతో పొడుస్తారు. టాపు మీద తడవకుండా మిగిలిన భాగాలేవైనా ఉంటే అప్పుడు తడుస్తాయి.

మధ్యాహ్నం షికారు. పార్కులోని గోయింగ్-టు-ద-సన్ రోడ్డు మీద అవలాంచ్ క్రీక్ అనే వాగు దాటితే 21 అడుగులకి మించిన బండ్లని వెళ్ళనివ్వరు, బంపర్లతో కలిపి కొలత. 6,646 అడుగుల ఎత్తున్న కనుమ లోగన్ పాస్ ఆ పైన. దాన్నీ దాటాక రోడ్డు మీంచి కనిపించే జాక్సన్ గ్లేసియర్, అంటే హిమానీనదం, ఉంది. నాలుగడుగుల తేడాతో రెండూ దక్కవు. అయినా ఆ వానలో పాస్ మీద మబ్బు తప్ప కనిపించేది తక్కువే. అవలాంచ్ దగ్గర దేవదారు చెట్ల కింద చెక్క బాట మాత్రం వానలోనే చూడాలి. సరస్సు ఒడ్డున ఎరుపు, ఆకుపచ్చ గులకరాళ్ళు కూడా అంతే, తడిస్తేనే రంగు తేలతాయి. ఒకటి జేబులో వేసుకోబోయిన మామగారిని అమ్మాయి ఆపుతుంది. పార్కులో రాయి తీసుకెళ్ళడం నేరం.

తిరిగొచ్చి మామగారు భోజనబల్ల దగ్గర తన సీట్లో కూర్చుని ఠక్కున లేస్తారు. దిండు నీళ్ళు కారుతోంది.

"కంగారు పడకండి మామయ్యగారూ, అది కండెన్సేషన్, చెమర్పు," అంటారు అల్లుడుగారు, పొద్దుటి చదువు ధీమాతో.

మామగారు తలెత్తి చూస్తారు. ఉప్మా పొగ పోవడానికి తెరిచిన పైకప్పు మూత, బండి కదిలే ముందు ఎవరూ వెయ్యనిది, ఇంకా ఆకాశంలోకి నోరు తెరుచుకునే ఉంది.