అయాన్టోఫోరెసిస్ మెషీన్ గారికి, ఒక మడమ తరఫున

మహారాజశ్రీ అయాన్టోఫోరెసిస్ మెషీన్ గారికి, విజయనగరం నుంచి నమస్కారాలు. ఉభయకుశలోపరి.

మీ పేరు పలకడానికి మా ఊళ్లో ఎవరికీ నోరు తిరగదు. ఫిజియోథెరపీ గదిలో మీరూ, మీ పక్కనున్న మెషీన్లూ అన్నీ కలిపి ఒకటే: కరెంటు. గంటస్తంభం దగ్గర ఎవరు ఎదురైనా "అమ్మగారికి కరెంటు పెట్టిస్తున్నారటగా" అంటారు. ఔనంటాను. కరెంటుతో మందుని చర్మంలోకి తోస్తారని ఈ ఎండలో నిలబడి చెప్పే ఓపిక నాకు లేదు.

మీ పద్ధతి మాత్రం నాకు నచ్చింది. సూది లేదు, మాత్ర లేదు, కడుపులో మంట లేదు. వాపు తగ్గించే డెక్సామెథసోన్ మందుకి మైనస్ ఛార్జి కాబట్టి మైనస్ ప్యాడ్ కింద పెడతారు. ఒకే టికెట్ అడిగే ఇద్దరు నాయకుల్లా అవి ఒకదాన్నొకటి గెంటుకుంటాయి, మందు లోపలికి పోతుంది. మొద్దుబార్చే లిడోకెయిన్ అయితే ప్లస్ వైపు. తారుమారైతే మందు కదలదు. ఈ సంగతి 1900ల తొలినాళ్లలోనే ఫ్రాన్స్‌లోని నాంట్స్ ఊరి ప్రొఫెసర్ స్టెఫాన్ లెడ్యూక్ కుందేళ్లకు స్ట్రిక్నిన్, సైనైడ్ అనే విషాలు పెట్టి తేల్చాడు. తీగలు ఒకలా కలిపితే చచ్చాయి, తిరగేస్తే బతికాయి. (వేరే కుందేళ్లు లెండి.)

చిక్కంతా నొప్పి పెడుతున్న మా అమ్మ మడమతో. వరి మళ్లలో చెప్పుల్లేకుండా తిరిగిన కాలు. ఒంటి మీద మిగతాచోట్ల చర్మం పైపొర కాగితం కన్నా పల్చన, అక్కడ మాత్రం అట్ట. పైగా పగుళ్లు. పగుళ్లలో కరెంటు ఒకేచోట చేరి కాలుస్తుందట. ఫిజియో అమ్మాయి టార్చి వేసి వెతికి, మడమ లోపలి పక్క నున్నటి చోటు చూసుకుని, స్పిరిట్ దూదితో తుడిచి ప్యాడ్ అంటించింది. పేస్‌మేకర్ లేదు కదా అని రెండుసార్లు అడిగింది. నాలుగు మిల్లీఆంపియర్లు, పది నిమిషాలు. అంటే రెండు ఆంపియర్ల ఫోన్ చార్జర్‌లో అయిదు వందల వంతుల్లో ఒకటి.

"ఏటీ తెలీనేదు బావు. సీమ కుట్టినట్టుంది, అంతే. మందెక్కిందంటావా? సూదేయించీ" అంది అమ్మ.

అదండీ మీ మీద అభియోగం. మీరు నొప్పి పెట్టరు. మా వీధి చివర ఆర్‌ఎంపీ గారి సూదికి ఏ పరిశోధనా అక్కర్లేదు, పేషెంటు కెవ్వుమంటే చాలు. మీకేమో పరిశోధనలున్నాయి, అవీ అంతంతమాత్రం. 1997లో మడమ నొప్పి మీద జరిగిన ఒకదాంట్లో మొదట్లో మీకే మార్కులు పడ్డాయి, నెల తిరిగేసరికి మీరున్నా లేకపోయినా ఒకటే. అమెరికాలో 2013లో అనుమతి పొందిన మీ బంధువు, మైగ్రేన్ పట్టీ, ఒళ్లు కాలి మచ్చలు పడుతున్నాయన్న ఫిర్యాదులతో 2016లో మార్కెట్ నుంచి తప్పుకుంది.

అరచేతుల చెమట విషయంలో మాత్రం మీకు మంచి పేరే ఉంది. మందు కూడా అక్కర్లేదు, రెండు ట్రేలలో కుళాయి నీళ్లు చాలు. అదీ లవణాలున్న నీళ్లే, ఆర్‌వో నీళ్లలో కరెంటు సరిగా పారదు. బిందెలకు తెల్లగా గార కట్టించే మా బోరు నీళ్లకు ఇన్నాళ్లకు గిరాకీ చూపించింది మీరొక్కరే.

మంగళవారం మళ్లీ వస్తున్నాం. ఈలోగా ఒక ఎర్ర లైటూ, కాస్త గుయ్యిమనే చప్పుడూ ఏర్పాటు చేసుకోండి. కుదిరితే ప్యాడ్ తీసేటప్పుడు చుర్రుమనిపించండి, ఆవిడ నమ్ముతుంది.

ఇట్లు,
పై మడమ గారి పెద్దబ్బాయి